మంచు నెలలలో మనసు మొద్దుబారినపుడు

మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున చిక్కబళ్ళాపురములో నిలిచి నందికొండవైపు చూచినవారికి కొండ కానరాదు. 1478 మీటర్ల యెత్తుగల ఆ కొండ మంచుతెరలో మునిగి, ఉన్నదో లేదో తెలియని స్థితిలో నుండును. బాగేపల్లికి పోవు దారిలోని బండరాళ్ళ గుట్టలును అట్లే. చింతామణి ప్రాంతమున చెరువుగట్టు మీద నడచువారు కంబళి కప్పుకొని, ఎదుట వచ్చుచున్న మనిషిని పోల్చుకొనలేక, "ఎవరప్పా అది?" అని కేక వేయుదురు. పొద్దెక్కిన తరువాత మంచు విచ్చును. కొండ యెక్కడ నుండెనో అక్కడనే యుండును.

ఈ చిన్న సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. ప్రతి సంవత్సరము దసరా దీపావళి దినములలో మన పత్రిక రచనల పెట్టె నిండియుండును. పద్యములు, కథలు, బొమ్మలు, పొడుపు కథలు కుప్పగా వచ్చును. సంక్రాంతి సంచికకు వచ్చుసరికి పెట్టె అడుగు కనబడును. అడిగినచో విద్యార్థులు చెప్పు మాటలు రెండే: "ఏమియు తోచలేదు సార్" అని కొందరు, "వ్రాసితిని గాని నాకే నచ్చక చించివేసితిని" అని కొందరు. మొదట మేము దీనిని సోమరితన మనుకొంటిమి. తరువాత, ఈ నెలలలో మా కలము కూడ కదలకుండుటను గమనించి, ఇది ఆలోచింపదగిన విషయమని గ్రహించితిమి. పాడువారు, వ్రాయువారు, బొమ్మలు గీయువారు, వేషము కట్టువారు, అందరును తెలిసికొనదగిన పాఠ మగుటచే దీని నిచట వ్రాయుచున్నాము.

1. ఈ దిగులు ఎట్టిది?

మన పూర్వులు సంవత్సరమును ఆరు ఋతువులుగా విభజించిరి. మార్గశిర పుష్యములు హేమంతము. మాఘ ఫాల్గుణములు శిశిరము. కాళిదాసు తన ఋతుసంహారమున ఒక్కొక్క ఋతువునకు ఒక్కొక్క సర్గము కేటాయించి, ఈ రెంటికిని వసంతముతో సమానముగా చోటిచ్చెను. మన ప్రబంధకవులును ఋతువర్ణనమును కావ్యమున చేయవలసిన వర్ణనలలో నొకటిగా నెంచిరి. బయట మారు ఋతువుతో పాటు మనిషి లోపల గూడ ఏదో మారునని వారు ఎరిగినట్లే తోచుచున్నది.

చలికాలపు దిగులు ఒక్కసారిగా మీద పడదు. ఉదయమున లేవ బుద్ధి పుట్టదు. లేచినను మధ్యాహ్నమువరకు తల బరువుగా నుండును. ఇష్టమైన పని ముందుంచుకొని కూర్చున్నను చేయి సాగదు. వ్రాసిన పంక్తి చప్పగా తోచును; పాడిన స్వరము పలుకనట్లు వినబడును. తీపి మీదను, పిండివంటల మీదను కోరిక పెరుగును. నలుగురిలో కూర్చుండుట కంటె దుప్పటిలో ముడుచుకొనుట మేలనిపించును. కళాకారునకు వీని కన్నిటికిని మించిన బాధ మరియొకటి కలదు. "నాలో నున్న శక్తి ఇంకిపోయినది, ఇక తిరిగి రాదు" అను భయమే అది. ఇతరులకు బద్ధకము బద్ధకముగనే తోచును. కళాకారునకు మాత్రము అది తన జీవిత మంతటి మీద వెలువడిన తీర్పుగా తోచును. ఆ తీర్పు నిజమగునా కాదా యని విచారించుటయే ఈ పాఠము.

2. వెలుతురును, శరీరములోని గడియారమును

మన మెదడులో హైపోథాలమస్ అను భాగము కలదు. అందు రెండు చిన్న నాడీకణముల గుంపులు శరీరమునకు గడియారము వలె పని చేయుచుండును. నిద్ర, ఆకలి, శరీరపు వేడి, చురుకుదనము ఆ గడియారము ననుసరించి నడచును. ఆ గడియారమును ప్రతిదినము సరిచేయునది ఉదయపు వెలుతురు. చీకటి పడగనే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును విడుచును. అది శరీరమునకు రాత్రి యైనదని తెలుపును. కంటికి వెలుతురు తగిలినపుడు ఆ పదార్థము తగ్గును. ఉదయపు వెలుతురు ఆలస్యమైనచో, లేక మనమే తలుపులు మూసికొని దానిని తప్పించుకొన్నచో, గడియారము వెనుకబడును. లేచి తిరుగుచున్న మనిషిలో రాత్రి ఇంకను మిగిలియుండును.

1984వ సంవత్సరమున అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థలో పనిచేయుచున్న నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడు, తన సహచరులతో కలిసి, ప్రతి శీతకాలమున వచ్చి వసంతమున తొలగు ఒక విధమైన కుంగుబాటును వర్ణించి దానికి పేరు పెట్టెను. ఆయన ఎండ మిక్కుటమైన దక్షిణాఫ్రికానుండి అమెరికాకు వచ్చినవాడు. అచటి చీకటి శీతకాలములలో తన ఉత్సాహము తగ్గుటను తానే గమనించెను. ఈ పరిశోధనకు తోడ్పడినవారిలో ఒక ఇంజనీరు గలడు. అతడు అనేక సంవత్సరములు తన మనఃస్థితిని పుస్తకమున వ్రాసి యుంచుకొని, అది ఋతువు ననుసరించి పెరిగి తరుగుచున్నట్లు కనిపెట్టెను. తన్ను తాను గమనించి వ్రాసికొనుట యెంత మేలైన అలవాటో దీనివలన తెలియుచున్నది. ఆ వ్యాధికి వైద్యులు ఇచ్చు చికిత్సలలో నొకటి, ఉదయమున అరగంట సేపు పదివేల లక్సుల వెలుతురు నిచ్చు దీపము నెదుట కూర్చుండుట.

ఇచట నొక ప్రశ్న పుట్టును. అది ఉత్తరదేశముల మాట గదా, మనకేల? నిజమే. ఫిన్లాండు రాజధానియైన హెల్సింకిలో డిసెంబరు మాసాంతమున పగలు ఆరు గంటలు కూడ నుండదు. మన చిక్కబళ్ళాపుర మండలమున అతి చిన్న పగలు గూడ పదునొకండు గంటలకు పైబడియే యుండును. వేసవి పగటికిని చలికాలపు పగటికిని భేదము గంటన్నర మాత్రమే. కావున పడమటి పుస్తకములలో చదివిన వ్యాధినంతటిని మనకు తగిలించుకొనరాదు.

అయినను మన నేలకు తగిన కారణములు కొన్ని కలవు. మొదటిది ఉదయపు ఆలస్యము. మే జూన్ మాసములలో ఆరు గంటలకు ముందే ఉదయించు సూర్యుడు, జనవరిలో ఆరుముక్కాలు ప్రాంతమున గాని ఉదయింపడు. ఇందొక వింత కలదు. డిసెంబరు 22 తరువాత పగలు పెరుగుచున్నను, సూర్యోదయము మాత్రము జనవరి చివరి దినములవరకు ఇంకను కొంచెము కొంచెము ఆలస్యమగుచునే యుండును. పెరిగిన కాలమంతయు సాయంకాలమునకు చేరును. సంక్రాంతి వెళ్ళినను తెల్లవారుజాము బరువు తగ్గకుండుటకు ఇది యొక కారణము. పాఠశాల గంట మాత్రము సూర్యునికొరకు ఆగదు. రెండవది మంచును, కార్తిక మార్గశిరములలో తూర్పు తీరపు వాయుగుండముల వలన వచ్చు ముసురును. మూడవది చలికి తలుపులు మూసికొని ఇంటిలోనే యుండుట. నాలుగవది ముందున్న పరీక్షల భయము. ఇవి అన్నియు కూడినచో, మనసు మందగించుటకు హెల్సింకి చీకటి యేల?

3. దుఃఖమే కళకు తల్లి యను భ్రమ

"బాధపడనివాడు కవి కాడు" అని మనవారిలో ఒక నమ్మకము పాతుకొనిపోయినది. ఈ నమ్మకముచే కొందరు పిల్లలు దిగులును బంగారమువలె దాచుకొందురు. దానిని పోగొట్టుకొన్నచో కళ పోవునని వారి భయము.

విన్సెంట్ వాన్‌గోహ్ అను హాలెండు దేశపు చిత్రకారుని పేరు ఈ సందర్భమున తరచు వినబడును. అతని జీవితమును సరిగా చదివినచో వేరొక సత్యము కనబడును. అతడు 1889 మే మాసమునుండి ఒక సంవత్సరము ఫ్రాన్సు దేశమున సాఁ రేమీ యను ఊరి చికిత్సాలయమున నుండెను. వ్యాధి ముదిరిన దినములలో అతడు పని చేయలేకపోయెను. తేరుకొన్న దినములలోనే చిత్రములు వ్రాసెను. 1890 జనవరి చివరి దినమున అతని తమ్మునకు కుమారుడు పుట్టెను. ఆ వార్త విని, ఫిబ్రవరి మాసమున, ఆ శిశువునకు కానుకగా నీలాకాశము మీద తెల్లని బాదము పూలకొమ్మలను చిత్రించెను. ఇంకను చలి వదలకముందే పూచు చెట్టు బాదము. ఆ చిత్రము వ్యాధి వ్రాసినది కాదు. వ్యాధి నడుమ దొరికిన ఆరోగ్యము వ్రాసినది. పుట్టిన బిడ్డ మీది ప్రేమ వ్రాసినది.

దుఃఖము కళకు వస్తువు కావచ్చును. దానిని చేతపట్టి రూపమిచ్చుటకు మాత్రము కొంత బలము కావలయును. ఆ బలమును కాపాడుకొనుట పిరికితనము కాదు, కళాధర్మమే.

4. పట్టుపురుగు చెప్పు పాఠము

శిడ్లఘట్ట గూళ్ళ సంతను ఎరుగని యిల్లు మన ప్రాంతమున అరుదు. చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాల పల్లెలలో పట్టుపురుగుల పెంపకము జీవనాధారము. మన విద్యార్థులలో అనేకులు బడినుండి పోగానే మల్బరీ ఆకు కోయువారే. కావున వారికి తెలిసిన సంగతినే వారికి జ్ఞాపకము చేయుచున్నాము.

పట్టుపురుగు తన పెరుగుదలలో నాలుగుసార్లు మేత మానును. తల పైకెత్తి, కదలక మెదలక, రాయివలె పడియుండును. దీనిని రైతులు జ్వర మందురు. ఎరుగనివాడు చూచినచో పురుగులు చచ్చుచున్నవని గోలపెట్టును. పెంచువారు అట్లు చేయరు. ఆకు వేయుట ఆపుదురు, పడక తడి లేకుండ సున్నపు పొడి చల్లుదురు, పురుగులను కదలింపరు. సుమారు ఒక దినమునకు పురుగు పాత చర్మమును విడిచి లేచును. పెరిగిన దేహమునకు పాత చర్మము చాలకపోవుటయే ఆ జ్వరమునకు కారణము. నాలుగు జ్వరములును దాటిన పిమ్మట, అది మునుపెన్నడు లేనంత ఆకలితో మేసి, చంద్రిక నెక్కి, కొన్ని వందల మీటర్ల పొడవుగల, మేలురకమైనచో వేయి మీటర్లకు దగ్గరగు, ఒకే దారముతో గూడు కట్టును.

ఇందు కళాకారునకు రెండు సూత్రములు కలవు. కదలకుండుట చచ్చుట కాదు. లోపల నేదో మారుచుండవచ్చును. ఇది మొదటిది. రెండవది దానికంటె ముఖ్యము. పెంచువారు ఊరక చేతులు ముడుచుకొని కూర్చుండరు. చలికాలమున వేడి యిరువది డిగ్రీలకు దిగినచో పురుగు మేత తగ్గును, ఎదుగుదల మందగించును. అందుచే గదిలో కుంపటి పెట్టి వెచ్చదనము నిలుపుదురు. మేత నాపుట వేరు, కుంపటి నార్పుట వేరు. కలము సాగని దినములలో రచన ఆగిన ఆగుగాక. కుంపటి మాత్రము ఆరరాదు.

5. కైవారము తాతయ్య గులకరాయి

చింతామణి తాలూకాలోని కైవారమున నారేయణప్ప అను మహనీయుడుండెను. ప్రజలు ఆయనను తాతయ్య యని పిలుచుకొందురు. ఆయన 1726లో పుట్టి 1836లో పరమపదించెనని, నూటపదేండ్లు జీవించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన గాజులు అమ్ముకొని బ్రదికినవాడు. గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరిగినవాడు తరువాత తెలుగునను కన్నడమునను కీర్తనములు చెప్పి, అమరనారేయణ యను ముద్ర వేసెను. మనవలె రెండు భాషల నడుమ బ్రదికి, రెంటిని తనవి చేసికొన్నవాడు.

ఆయన విషయమున ఇచటి పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. గురువు ఆయనకు మంత్రోపదేశము చేసి, నోట నొక గులకరాయి నుంచి, "ఇది కలకండగా మారువరకు జపము చేయుము" అని ఆజ్ఞాపించెనట. నారేయణప్ప కొండగుహలో మూడు సంవత్సరములు కూర్చుండగా నా రాయి కలకండయైనదట. కీర్తనములు వెలువడినవి ఆ పిమ్మటనే యందురు.

భక్తులు దీనిని మహిమగా వినియెదరు. రచనాభ్యాసము చేయువారు వేరొక తీరున గూడ వినవచ్చును. ఆ మూడు సంవత్సరములలో మొదటి దినమున రాయి రాయిగనే యుండినది; నూరవ దినమునను రాయిగనే యుండినది. రుచి లేదని ఆయన దానిని ఉమిసివేయలేదు. ఈ దినము తీపి పుట్టలేదు గనుక నా నోటిలో దోష మున్నదని దుఃఖింపను లేదు. పని తన వంతు, తీపి తన వంతు కాదని నమ్మి కూర్చుండెను. మన మార్గశిరపు పంక్తి చప్పగా నున్నచో అది ఇంకను గులకరాయి దశలో నున్నదని యెంచవలయును గాని పారవేయరాదు.

6. మేము చేసిన తప్పు

ఈ మాట వ్రాయుటకు మాకొక అర్హత కలదు. అది తప్పు చేసినవాని యర్హత. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పుష్యమాసమున, నలువది దినములు ఒక్క పంక్తియు సాగక, విసిగి, ఒక రాత్రి మా పాత నోటు పుస్తకములను తెరచి చదివితిమి. అన్నియు నిస్సారముగా తోచినవి. మూడింటిని చించి నీళ్ళపొయ్యిలో వేసితిమి. అప్పుడు ఎంతో హాయిగా నుండెను.

ఫాల్గుణమున ఎండ ముదిరి మనసు తేరుకొనగా, కాలిపోయినదేమో జ్ఞాపకము వచ్చినది. ఆ పుస్తకములలో నొకదాని చివరి పుటలలో, మా అవ్వ రాగులు విసరునపుడు పాడిన తెలుగు పాటలు వ్రాసియుంటిమి. అవి బాగేపల్లి పల్లెల యాసలోని పాటలు. సగము మాటలు ఏ నిఘంటువులోను లేనివి. అవ్వ అప్పటికి రెండేండ్ల క్రిందటనే గతించినది. ఎంత ప్రయత్నించినను మాకు రెండు పాటల మొదళ్ళు తప్ప మరేమియు తోచలేదు. ఇంటిలో తిరుగలి గూడ లేదు. మూలనున్న రాతిబిళ్ళ మీద తులసికుండ పెట్టియున్నది.

ఆ దినమునుండి మాకొక నియమ మేర్పడినది. దీనిని ప్రతి విద్యార్థియు వ్రాసికొనవలెనని కోరుచున్నాము: దిగులు దినములలో పని చేయవచ్చును, మానవచ్చును, కాని చేసిన పనికి తీర్పు చెప్పరాదు. మంచులో నిలిచి కొండ లేదని సాక్ష్యమిచ్చువాని మాట యెట్టిదో, పుష్యమాసపు రాత్రి మన రచనమీద మన మిచ్చు తీర్పు నట్టిదే.

7. ఆచరింపదగిన విధులు

మొదటిది ఎండ. ఉదయించిన గంటలోపల అరగంటయైనను ఆరుబయట నుండవలయును. ఇంటి గదిలో వెలుతురు సాధారణముగా మూడు నాలుగు వందల లక్సులకు మించదు. మబ్బు పట్టిన దినమునను బయట కొన్ని వేల లక్సులుండును. ఎండ కాచినచో అనేక వేలు. ఉత్తరదేశములవారు దీపములు కొని సంపాదించునది మనకు కళ్ళము గట్టున ఉచితముగా దొరకును. సూర్యుని సూటిగా చూడరాదు. ఎండలో కూర్చుండి చదివిన చాలును. మన తాతలు వాకిటి అరుగు మీద నీరెండ కాచుకొనుట వట్టి కాలక్షేపము కాదు.

రెండవది వేళ. సెలవు దినమని తొమ్మిది గంటలవరకు పడుకొనుట, రాత్రి పొద్దుపోవువరకు ఫోను వెలుతురులో కన్నులు నిలుపుట, శరీరపు గడియారమును రెండువైపుల లాగును. ధనుర్మాసమున తెల్లవారకముందే లేచి భజనకు పోవు ఆచారము మన యూళ్ళలో నున్నది. దైవచింతన మట్లుండగా, చలికాలమున లేచు వేళను నిలుపుటకు ఊరంతయు కలిసి చేసికొన్న కట్టుబాటు వలె గూడ అది పనిచేయుచున్నది.

మూడవది చిన్న కొలత. వేసవిలో దినమునకు రెండు పుటలు వ్రాయువాడు ఈ నెలలలో నాలుగు పంక్తులు వ్రాయవలయును. బొమ్మ గీయువాడు ఒక ఆకును గీయవలయును. పాడువాడు సరళీస్వరముల నొక్కసారి పాడవలయును. బాగుండవలెనను పట్టుదల వలదు. కుంపటిలో నిప్పు నిలుపుటకు నాలుగు బొగ్గులు చాలును.

నాలుగవది సేకరణ. క్రొత్తది పుట్టని కాలము పాతదానిని కూర్చుకొనుటకు మంచి కాలము. అవ్వనడిగి సామెతలు వ్రాసికొనుడు. రాగికళ్ళమున వాడు మాటలు, పట్టుపురుగుల పెంపకమున వాడు మాటలు, అనపకాయల కాలమున పితికిపప్పు చేయుచు ఆడువారు చెప్పుకొను కబుర్లు, అన్నియు వ్రాయదగినవే. వీనికి స్ఫూర్తి యక్కరలేదు. చెవియు పెన్సిలును చాలును. వసంతమున మనసు తేరుకొన్నపుడు ఈ ధాన్యమే గాదెలో కనబడును.

ఐదవది కూడిక. త్యాగరాజస్వామి 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. ప్రతి సంవత్సరము ఆ తిథినాడు తిరువయ్యారున కావేరి యొడ్డున గాయకులు వందలకొలది కూడి ఆయన పంచరత్న కీర్తనములను ఏకకంఠముగా పాడుదురు. మదరాసు నగరమున 1928లో ఏర్పడిన సంగీత అకాడమీ తన యుత్సవమును డిసెంబరు మాసముననే జరుపుచున్నది. మన పల్లెలలో హరిదాసులు, గంగిరెద్దులవారు, వీధినాటకములవారు తిరుగుటయు ఈ చలి దినములలోనే. ఒంటరిగా కూర్చున్నచో మూసికొను గొంతు నలుగురిలో తెరచుకొనును. ఒక్కరికి నిప్పు నిలువకున్నచో పొరుగింటినుండి తెచ్చుకొనుట మన వాడుకయే గదా! వారమునకొకసారి ముగ్గురు కూడి, వ్రాసిన నాలుగు పంక్తులు ఒకరికొకరు వినిపించుకొనుడు. విన్నవారు తప్పు లెన్నరాదు. వినుటయే వారి పని.

ఆరవది శరీరము. నడక, ఆట, వేడి సంగటి, ఆకుకూర, చాలినంత నిద్ర, ఇవి కళకు సంబంధము లేనివని తలంపకుడు. రక్తహీనత యున్నను, థైరాయిడు లోపమున్నను మనసు అచ్చముగా ఇట్లే మందగించును. దానికి పద్యము మందు కాదు, వైద్యుడు మందిచ్చును.

8. ఎప్పుడు సహాయ మడుగవలయును?

ఇంతవరకు చెప్పినది సామాన్యమైన మందగింపును గూర్చి. దానికిని వ్యాధికిని గీత యొకటి కలదు. రెండు వారములకు పైగా దినమంతయు దిగులే యున్నచో, ఏ పనియందును సంతోషము లేకున్నచో, నిద్రయు తిండియు చెడినచో, చదువు సాగకున్నచో, "నేను లేకున్న మేలు" అను తలంపు ఒక్కసారి వచ్చినను సరే, అది ఋతువు దోషమని ఊరకుండరాదు. తల్లిదండ్రులకో, నమ్మకమైన గురువునకో వెంటనే చెప్పవలయును. విన్నవారు నవ్వరాదు, తిట్టరాదు, దయ్యము పట్టినదని తిప్పరాదు. తోడుగా కూర్చుండి వైద్యుని యొద్దకు గొనిపోవలయును.

2022 అక్టోబరులో భారత ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగున గాని కన్నడమున గాని మాటలాడవచ్చును. ఆ సేవకు మార్గదర్శకమైన నిమ్హాన్స్ సంస్థ మనకు సమీపమున బెంగుళూరుననే యున్నది. కాలు విరిగిన నాట్యకత్తె వైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడదు. మనసు నొచ్చిన కవి యేల సిగ్గుపడవలయును?

9. ముగింపు

మనము ఇంట తెలుగు మాటలాడి, కచేరీలోను అంగడిలోను కన్నడము మాటలాడు నేలవారము. రెండును మనకు కన్నులవంటివి. కాని ఈ మండలపు తెలుగునకు, బాగేపల్లి యాసకు, చింతామణి సామెతలకు, ఈ చిన్న పత్రికవంటి చోటులు మిక్కిలి తక్కువ. ఇచట నొక విద్యార్థి చలికాలపు భ్రమచే తన పుస్తకమును చించినచో నష్టము ఆ విద్యార్థి యొక్కనిదే కాదు. మరల దొరకని మాట లెన్నియో దానితో పోవును. మా అవ్వ పాటలు మాకట్లే పోయినవి.

మామిడితోటల నొకసారి చూడుడు. చలి సోకనిదే మామిడి చక్కగా పూయదని తోటవారు చెప్పుదురు. పైకి చెట్టు నిద్రించినట్లే యుండును. శివరాత్రి నాటికి కొమ్మ కొమ్మకు పూత. పుష్యమాసమున చెట్టును చూచి గొడ్డలి తెచ్చువాడు తోటమాలి కాడు. మీ పుస్తకములను దాచుడు. చప్పని పంక్తులనైనను మాకు పంపుడు. సంక్రాంతి సంచిక పలుచగా నున్నను సంతోషమే. ఉగాదికి వానిని మరల చదువుకొందము.

అభ్యాసము

1. పదునైదు దినములు, ప్రతి రాత్రి ఒకే పంక్తిలో, ఆ దినపు మీ మనఃస్థితిని, ఉదయమున ఎంతసేపు ఎండలో నుంటిరో వ్రాయుడు. రెంటికిని సంబంధ మున్నదేమో పరిశీలింపుడు.

2. మీ యింటి పెద్దలనుండి నిఘంటువులో దొరకని పది తెలుగు మాటలు సేకరించి అర్థము వ్రాయుడు.

3. ఈ నెలలో మీకు నచ్చక పారవేయదలచిన రచన నొకదానిని కవరులో పెట్టి, మీద "ఉగాది తరువాత తెరువవలెను" అని వ్రాసి దాచుడు.

4. పట్టుపురుగు జ్వరమునకును కళాకారుని మౌనమునకును గల పోలికలను, భేదములను పది వాక్యములలో వివరింపుడు.